పెద్ద హీటర్ అడిగిన మోటార్‌హోమ్: ఒక చలికాలపు కేస్ స్టడీ

బండి ఏడు మీటర్ల పొడవున్న కోచ్‌బిల్ట్ మోటార్‌హోమ్. ముందు భాగం మామూలు వ్యాన్ క్యాబ్. దాని వెనక ఛాసిస్ మీద ఇన్సులేటెడ్ ప్యానెళ్లతో విడిగా కట్టిన ఇల్లు. క్యాబ్ పైకి పొడుచుకొచ్చిన భాగంలో డబుల్ బెడ్. బండి వయసు పదేళ్లు దాటింది. 4 కిలోవాట్ల గ్యాస్ హీటర్ ఉంది, దాని వేడిగాలి డక్టుల ద్వారా నేలమట్టంలో బయటికొస్తుంది. ఓనర్లు ఇద్దరు, భార్యాభర్తలు. ఉష్ణోగ్రత సున్నాకు అటూ ఇటూ ఊగే రాత్రుల్లో కూడా ఈ బండిలోనే పడుకుంటారు.

"హీటర్ రాత్రంతా ఆగకుండా తిరుగుతూనే ఉంటుందండీ. తల దగ్గర వెచ్చగానే ఉంటుంది, పాదాలు మాత్రం గడ్డకట్టిపోతాయి. పైన బెడ్ మీద పడుకుంటే మొహానికి సన్నగా గాలి కొడుతుంది. సిలిండర్ చూస్తుండగానే అయిపోతోంది" అన్నారామె. ఆయన అప్పటికే నిర్ణయానికి వచ్చేశారు: 6 కిలోవాట్ల హీటర్ పెట్టించేద్దామని. ఇంకో మాట కూడా చెప్పారు. నీళ్ల బాయిలర్ అప్పుడప్పుడు దానంతట అదే ఖాళీ అయిపోతోందట, వాల్వ్ పాడైందేమో చూడమన్నారు. ఈ రెండో ఫిర్యాదే నాకు ఎక్కువ పనికొచ్చింది. ఎలాగో తర్వాత చెబుతాను.

ముందు లెక్క

హీటర్ చాలడం లేదంటే బండి ఎంత వేడి పోగొట్టుకుంటోందో ముందు కాగితం మీద చూడాలి. మోటార్‌హోమ్‌లకు యూరప్‌లో ఈఎన్ 1646-1 అనే ప్రమాణం ఉంది. అందులో ఇన్సులేషన్, హీటింగ్ కలిపి మూడు గ్రేడ్లు. గ్రేడ్ 2 అంటే బయట 0 డిగ్రీలున్నప్పుడు లోపల 20 డిగ్రీలకు చేరగలగాలి, గోడల సగటు యూ-విలువ (లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరులోంచి ఎన్ని వాట్ల వేడి పోతుందో చెప్పే అంకె) 1.7 మించకూడదు. గ్రేడ్ 3 అంటే బయట మైనస్ 15 ఉన్నా లోపల 20 రావాలి, యూ-విలువ 1.2 లోపు ఉండాలి. ఈ బండి కాగితాల్లో గ్రేడ్ 2 అని ఉంది.

నివాస భాగంలో గోడలు, నేల, పైకప్పు కలిపి సుమారు 60 చదరపు మీటర్లు. లోపలికీ బయటికీ తేడా 20 డిగ్రీలైతే, 60ని 1.7తో, ఆపైన 20తో గుణిస్తే దాదాపు 2 కిలోవాట్లు. క్యాబ్ అద్దాలు ఒంటి పొర అద్దాలు, యూ-విలువ 5.7 దాకా ఉంటుంది. రెండున్నర చదరపు మీటర్ల అద్దానికి ఇంకో 285 వాట్లు. రెండూ కలిపినా 2.3 కిలోవాట్ల దగ్గరే ఆగుతుంది. 4 కిలోవాట్ల హీటర్ దీనికి హాయిగా సరిపోవాలి, మధ్యమధ్యలో ఆగుతూ నడవాలి.

కానీ ఆగడం లేదు. అంటే మిగతా వేడి గాలితోపాటు బయటికి పోతోంది. లోపలి గాలి 25 ఘనపు మీటర్లు అనుకుంటే, ఆ గాలి మొత్తం గంటకు ఒకసారి మారిపోతే 170 వాట్లు ఖర్చు. వంట, ఊపిరి, గ్యాస్ భద్రత అన్నీ చూసుకున్నా గంటకు రెండు సార్లు మారడం మామూలు సంగతే. హీటర్ పూర్తి బలంతో నడిచినా చాలడం లేదంటే గంటకు ఎనిమిది సార్లయినా మారుతూ ఉండాలి. అంటే ఇంకో 1.36 కిలోవాట్లు. దానికి కాస్త ఈదురుగాలి తోడైతే 4 కిలోవాట్లూ అయిపోయాయి.

ఈ స్థితిలో 6 కిలోవాట్ల హీటర్ పెట్టడమంటే చిల్లికుండ నింపడానికి పెద్ద చెంబు కొనుక్కోవడమే. తల దగ్గర ఇంకాస్త వేడెక్కుతుంది, పాదాల దగ్గర చలి అలాగే ఉంటుంది, సిలిండర్ ఇంకా త్వరగా ఖాళీ అవుతుంది. ఆయనకు ఈ లెక్క చూపించాను. ఒప్పుకున్నారు గానీ పూర్తిగా నమ్మినట్టు మాత్రం కనిపించలేదు.

ముందు తెరవాల్సినవి

చలి ఆపడానికి వచ్చి మొదట చేసిన పని మూసినవాటిని తెరవడం. చలికి విసిగిపోయి వాళ్లే కొన్ని మార్గాలు కట్టేశారు. సింక్ కింద నేలలో ఉన్న జాలీ మీద టేపు అంటించారు. పైకప్పు కిటికీ అంచులో ఎప్పుడూ తెరిచి ఉండే సన్నని గాలిదారిలో స్పాంజి కుక్కారు. ఫ్రిజ్‌కు బయటి గోడలో ఉండే రెండు జాలీల్లోనూ ఫోమ్ ముక్కలు దూర్చారు.

ఈ మూడూ ప్రాణం మీదకు తెచ్చేవే. బండిలో వాడే గ్యాస్ గాలి కంటే బరువు. ప్రొపేన్ దాదాపు ఒకటిన్నర రెట్లు, బ్యూటేన్ దాదాపు రెండు రెట్లు. లీకైతే పైకి పోదు, నేలమీద పరుచుకుంటుంది. అది కిందికి జారి బయటికి పోవడానికే నేలలో ఆ కన్నాలు పెడతారు. పైకప్పు గాలిదారి, కింది గాలిదారి కలిసి పనిచేస్తాయి. స్థిరమైన వెంటిలేషన్ ఎంత ఉండాలో చెప్పే ఈఎన్ 721 అనే ప్రమాణమే విడిగా ఉంది. స్టవ్ మండేటప్పుడు ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పుడితే దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. నిద్రలో ఉన్నవాళ్లకు అసలు తెలియదు. పైగా వీళ్లు పొద్దున్నే లేచి గది వేడెక్కడానికి స్టవ్ వెలిగించి వదిలేస్తున్నారు. హీటర్ తన మంటకు కావాల్సిన గాలిని బయటినుంచి తీసుకుని పొగను బయటికే వదులుతుంది. స్టవ్‌కు ఆ ఏర్పాటు లేదు, మంట నుంచి వచ్చేదంతా గదిలోనే ఉంటుంది. గోడకున్న కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక ముద్రించిన తేదీ ఎప్పుడో దాటిపోయింది. అన్నిటికంటే ముందు దాన్ని మార్చాం. బండ్లకూ పడవలకూ ఉద్దేశించిన ఈఎన్ 50291-2 గుర్తున్నదే తీసుకున్నాం. ఇళ్లకు వాడే 50291-1 రకం వేరు.

నా దగ్గర రెండు రంగుల టేపులుంటాయి. ఎప్పటికీ మూయకూడని ప్రతి దారి పక్కనా ఎర్ర టేపు అంటిస్తాను. పరీక్షలో బయటపడిన దొంగ సందులకు నీలం టేపు. నీలం ఉన్నచోటే సీలెంట్ పెట్టాలి. చిన్నపిల్లల ఆటలా అనిపించవచ్చు గానీ, ప్యానెళ్లన్నీ ఊడదీసి బండి అస్తిపంజరంలా ఉన్నప్పుడు ఏ కన్నం దేనికోసమో గుర్తుపెట్టుకోవడం తేలిక కాదు.

సందులు పట్టుకోవడం

ముందు బండిని బాగా వేడెక్కించి, వేడి చల్లదనాల తేడాను చిత్రంగా చూపే థర్మల్ కెమెరాతో లోపలంతా ఒకసారి చూశాను. తర్వాత గ్యాస్ మొత్తం కట్టేశాం. హీటర్, ఫ్రిజ్, స్టవ్ ఏదీ వెలిగి ఉండకూడదు. ఎర్ర టేపు పెట్టిన దారుల్ని పరీక్ష కోసం మాత్రమే తాత్కాలికంగా కప్పి, పైకప్పు ఫ్యాన్‌ను గాలి బయటికి లాగేలా తిప్పాం. లోపలి పీడనం కాస్త తగ్గగానే బయటి గాలి ఏ సందు దొరికితే ఆ సందులోంచి లోపలికి దూసుకొస్తుంది. మామూలుగా వేలికి తెలియని గాలి కూడా అప్పుడు తెలుస్తుంది. గ్యాస్ పరికరాలు వెలిగి ఉండగా ఈ పరీక్ష చేస్తే పొగను కూడా లోపలికే లాగుతాం, కాబట్టి ఆ ఒక్క విషయంలో రాజీ లేదు.

ఫ్యాన్ తిరుగుతుండగా మళ్లీ కెమెరాతో చూడాలి. రెండు చిత్రాల మధ్య తేడాలోనే అసలు సంగతి ఉంటుంది. ముందూ వెనకా ఒకేలా ఉన్న చల్లని మచ్చ అంటే అక్కడ లోహపు చట్రమో, ఇన్సులేషన్ లేని చోటో ఉన్నట్టు. అది గాలి సమస్య కాదు. ఫ్యాన్ వేశాక ఒక అంచు నుంచి చల్లదనం చీలికలు చీలికలుగా పాకుతూ వస్తే అక్కడ సందు ఉంది. కెమెరా లేకపోయినా అగరబత్తి పొగ, తడిచేసిన చేతి వెనకభాగం చాలావరకు పని కానిస్తాయి. నాకైతే ఇప్పటికీ కెమెరా చూపించింది అగరబత్తితో ఖాయం చేసుకుంటేనే తృప్తి.

నీలం టేపు ఎక్కువగా పడిన చోట్లు: ఫ్రిజ్ చుట్టూ, క్యాబ్ పైకప్పు అతుకు, డ్యాష్‌బోర్డు, హీటర్ అర.

ఫ్రిజ్ వెనక

ఈ కేసులో పెద్ద దొంగ ఇక్కడే దొరికాడు. గ్యాస్ మీద నడిచే అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌కు వెనకవైపు మంట ఉంటుంది. కింది జాలీ నుంచి గాలి వస్తుంది, వేడి పై జాలీ నుంచి పోతుంది. అందుకే ఫ్రిజ్ వెనక ఉండే ఖాళీ నిజానికి బండి బయటి ప్రదేశమే. అక్కడి గాలికీ గదికీ సంబంధం ఉండకూడదు. ఫ్రిజ్ చుట్టూ ఉండే సీలింగే ఆ గోడ.

ఫ్రిజ్ బయటికి లాగి చూస్తే పైఅంచు సీల్ పట్టీ ఎండి, బిరుసెక్కి, ఏళ్ల తరబడి ప్రయాణాల కుదుపులకు ఊడి వేలాడుతోంది. ఒక పక్క వైర్లు, పైపు పోవడానికి చేసిన కన్నం చుట్టూ అసలు ఏమీ లేదు. అంటే గోడలో పుస్తకమంత కిటికీ తెరిచిపెట్టినట్టే. అక్కడినుంచి వచ్చిన చల్లగాలి వంట అరల కిందుగా పాకి నేలంతా పరుచుకుంటోంది. పాదాలు గడ్డకట్టడానికి ఇదే మొదటి కారణం. సీల్ ఊడిపోయి, బయటి జాలీలు కూడా ఫోమ్‌తో మూసుకుపోయినప్పుడు ఫ్రిజ్ మంట నుంచి వచ్చే పొగకు గదిలోకే దారి మిగులుతుంది. అలారం కాలం చెల్లి ఉంది. దీని గురించి ఇంకేం చెప్పక్కర్లేదు.

గ్యాస్ పైపు విప్పడం, తిరిగి బిగించడం, లీక్ పరీక్ష చేయడం గ్యాస్ లైసెన్స్ ఉన్న టెక్నీషియన్‌తోనే చేయించాం. సీలింగ్ మాత్రం మా పని. ఫ్రిజ్ అంచులకు సన్నని అల్యూమినియం రేకు పట్టీలు, గదివైపు మెత్తటి రబ్బరు గ్యాస్కెట్, కన్నాల చుట్టూ విప్పడానికి వీలుండే సీలెంట్. ఇక్కడ పొంగే ఫోమ్ కొట్టేయాలని చాలామందికి చెయ్యి దురద పెడుతుంది. కొట్టకూడదు. మంటకు దగ్గరగా ఉంటుంది, పైగా రేపు ఫ్రిజ్ రిపేరు వస్తే కోసి తీయాలి. బయటి జాలీలకు ఫోమ్ ముక్కలు తీసేసి, ఆ ఫ్రిజ్ తయారీదారు ఇచ్చే చలికాలపు మూతలు బిగించాం. అవి జాలీని కొంతే కప్పుతాయి, పొగ పోయే దారిని వదిలేస్తాయి. మాన్యువల్‌లో చెప్పిన ఉష్ణోగ్రత కంటే బయట వేడిగా ఉంటే వాటిని తీసేయాలి, లేకపోతే ఫ్రిజ్ చల్లబడదు.

పైబెడ్ దగ్గర గాలి

మొహానికి కొట్టే గాలి ఎక్కడిదో కనుక్కోవడానికి కాస్త శ్రమ పడాల్సి వచ్చింది. ఆమె కిటికీని అనుమానించారు. కిటికీ సీల్ బాగానే ఉంది. గాలి పరుపు కింద నుంచి, ముందు వైపు ట్రిమ్ ప్యానెల్ అంచులోంచి వస్తోంది.

కోచ్‌బిల్ట్ బండ్లలో వ్యాన్ కంపెనీ ఇచ్చిన ఉక్కు క్యాబ్‌నూ బాడీ కట్టినవాళ్ల ప్యానెళ్లనూ అతికించే గీత ఒకటి ఉంటుంది. ఉక్కు ఒకలా సాగుతుంది, ప్యానెల్ ఇంకోలా సాగుతుంది, రోడ్డు మీద రెండూ వేరువేరుగా మెలితిరుగుతాయి. ఎంత మంచి సీలెంట్ అయినా కొన్నేళ్లకు ఒక వైపు వదిలేస్తుంది. ప్యానెల్ విప్పితే అదే కనిపించింది. పాత సీలెంట్ ఉక్కు నుంచి విడిపోయి వేలు పట్టేంత సందు, దాని వెనక వదులుగా కుక్కిన స్పాంజి. స్పాంజి ధూళి పట్టి నల్లగా ఉంది. నల్లబడిన స్పాంజి కనిపిస్తే అక్కడ గాలి ఆడుతోందని అర్థం. అది గాలిని ఆపలేదు, దుమ్మును వడగట్టింది, అంతే.

రెండు ఉపరితలాలనూ శుభ్రం చేసి, సందులో గాలి బుడగలు మూసి ఉన్న రకం ఫోమ్ తాడు దూర్చి, దాని మీద సాగే గుణమున్న పాలీయురేథేన్ సీలెంట్ పెట్టాం. లోపలి ఉక్కుకు రబ్బరు ఫోమ్ షీటు అంటించాం, సందు లేకుండా. ఇది చెమ్మకు కూడా ముఖ్యం: షీటుకూ ఉక్కుకూ మధ్య గాలి ఆడితే అక్కడే నీరు పట్టి తుప్పు మొదలవుతుంది. వెండి రంగు బబుల్ ఫాయిల్ వాడమని ఆయన సలహా ఇచ్చారు. ఆ మెరుపు పనిచేయాలంటే ముందు కాస్త గాలి ఖాళీ ఉండాలి. రెండు ప్యానెళ్ల మధ్య నొక్కి పెడితే అది మామూలు పలుచని ప్లాస్టిక్కే.

క్యాబ్

నిజం చెప్పాలంటే క్యాబ్‌ను వెచ్చని గదిగా మార్చడం నాకు నమ్మకం లేని పని. అది ఒంటి అద్దాలు, పలుచని తలుపులు, పెడళ్ల కోసం కన్నాలున్న ఇనుప డబ్బా. రాత్రికి దాన్ని గదినుంచి వేరు చేసేయడమే తెలివైన పని. వీళ్లకు క్యాబ్‌కూ నివాసానికీ మధ్య నేలదాకా దిగే మందపాటి ఇన్సులేటెడ్ పరదా కుట్టించాం. అంతకుముందున్నది నేలకు జానెడు పైనే ఆగేది. చల్లగాలి బరువు కాబట్టి అంతా ఆ జానెడు సందులోంచే కిందుగా వచ్చేది.

డ్యాష్‌బోర్డు గాలికి మందు ఉచితం. ఇంజిన్ ఆపేముందు బ్లోయర్‌ను లోపలి గాలి తిప్పే మోడ్‌లో పెడితే, చాలా బండ్లలో బయటి గాలి ఫ్లాప్ మూసుకుని అలాగే ఉంటుంది. పెట్టకపోతే బయటి గాలి రాత్రంతా వెంట్లలోంచి లోపలికి వస్తూనే ఉంటుంది.

సీటు బెల్టు బయటికొచ్చే పిల్లర్ చీలికలోంచి కూడా గాలి వస్తోంది. ఆ పిల్లర్ లోపల బోలు, కిందున్న బాడీ అంచుతో కలిసి ఉంటుంది. అందులోకి ఫోమ్ కొట్టడానికి వీల్లేదు. నీళ్లు బయటికిపోయే దారులు మూసుకుని బాడీ తుప్పు పడుతుంది, బెల్టు యంత్రాంగమూ ఇరుక్కుపోవచ్చు. రాత్రి చీలిక మీద పెట్టి పొద్దున తీసేసే వెల్క్రో మూత చేశాం.

విండ్‌స్క్రీన్‌కు లోపల పెట్టే వెండి తెరలు వాళ్ల దగ్గర ఉన్నాయి. బయటినుంచి కప్పే ఇన్సులేటెడ్ కవర్‌కు మార్పించాను. లోపలి తెర అద్దాన్ని గది వేడికి దూరం చేస్తుంది. అద్దం మంచులా చల్లబడి, తెర వెనకకు దూరిన తేమంతా దానిమీదే నీళ్లు కడుతుంది. బయటి కవరైతే అద్దాన్నే కాపాడుతుంది. వానలో తడిసిన కవర్ మడతపెట్టడం చికాకే, ఒప్పుకుంటాను.

బాయిలర్ ఎందుకు ఖాళీ అయ్యేది

కొన్ని హీటర్లలో నీళ్లు గడ్డకట్టి బాయిలర్ పగలకుండా ఒక వాల్వ్ ఉంటుంది. దాని దగ్గర 3 డిగ్రీలకు పడిపోతే దానంతట అదే తెరుచుకుని నీళ్లు వదిలేస్తుంది. మళ్లీ 7 డిగ్రీలు దాటితే గానీ దాన్ని మూయడం కుదరదు. వీళ్ల వాల్వ్ పాడవలేదు. గది 20 డిగ్రీలున్నా వాల్వ్ ఉన్న అర 3 డిగ్రీలకు పడిపోతోంది. ఆ అర నేలలో పైపులు పోయే కన్నాలు పైపు కంటే రెండింతలు పెద్దవి, చుట్టూ ఖాళీ. అక్కడ సీల్ చేసి, గ్యాస్ దిగిపోయే కన్నానికి మాత్రం ఎర్ర టేపు పెట్టి వదిలేసి, దగ్గరి డక్టుకు చిన్న కన్నం చేసి అరలోకి కాస్త వేడి వదిలాం. ఖాళీ అవడం ఆగింది. బండి మొత్తంలో గాలి ఎక్కడ దూరుతోందో వాళ్లకు తెలియకుండానే ఆ వాల్వ్ చెబుతూ వచ్చింది.

మిగతావి చిన్నవి. కిటికీల గొళ్లాలకు రెండు స్థానాలుంటాయి, బిగింపు ఒకటి, రాత్రి గాలి కోసం కాస్త వదులు ఒకటి. వీళ్ల కిటికీల్లో రెండు వదులు స్థానంలోనే ఉన్నాయి. సామాన్ల గ్యారేజీ తలుపు సీల్‌లో కాగితం పెట్టి మూస్తే ఏ పట్టూ లేకుండా జారివచ్చింది, సీల్ మార్చాం. హీటర్ గది సెన్సర్ క్యాబ్ అంచునే, గాలి తగిలే చోట ఉంది. దాన్ని లోపలి గోడకు, డక్టులకు దూరంగా, నడుము ఎత్తుకు మార్చాం.

మూసిన తర్వాత

ఫ్యాన్ పరీక్ష మళ్లీ చేశాం, తాత్కాలిక కప్పులన్నీ తీసి ఎర్ర టేపు దారులన్నీ తెరిచి ఉన్నాయని ఓనర్లిద్దరికీ ఒక్కొక్కటిగా చూపించాం. అంతకుముందు బయట 2 డిగ్రీలున్న రాత్రి తల ఎత్తున 22, నేల దగ్గర 11 ఉండేది. పని అయ్యాక అలాంటి రాత్రే తల ఎత్తున 20, నేల దగ్గర 17. పైన రెండు డిగ్రీలు తగ్గినా వాళ్లకు ఇంకా వెచ్చగా అనిపించింది. హీటర్ ఆగుతూ నడుస్తోంది. లెక్క ప్రకారం గంటకు ఎనిమిది మార్పులు రెండుకు దిగితే 1 కిలోవాట్ మిగులుతుంది. పది గంటల రాత్రికి అది దాదాపు 0.8 కిలోల ప్రొపేన్. 6 కిలోవాట్ల హీటర్ మాట మళ్లీ రాలేదు.

దీనికి ఒక ధర ఉంది, అది వాళ్లకు ముందే చెప్పాను. నిద్రపోయే మనిషి గంటకు 40 గ్రాముల దాకా తేమ వదులుతాడు. ఇద్దరికీ కలిపి ఎనిమిది గంటల రాత్రికి అర లీటరుకు పైనే. కిలో ప్రొపేన్ స్టవ్ మీద మండితే 1.6 కిలోల నీటి ఆవిరి వస్తుంది. ఇంతకాలం ఆ తేమను దొంగ సందులు మోసుకుపోయేవి. ఇప్పుడు 20 డిగ్రీల గదిలో తేమ 60 శాతానికి చేరితే 12 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతిచోటా నీటి చుక్కలు పడతాయి. మొదటి వారంలో కిటికీ చట్రాల మీద పడ్డాయి కూడా. స్టవ్‌తో గది వేడిచేయడం పూర్తిగా మాన్పించాను. వంట చేసేటప్పుడు పైకప్పు కిటికీ కొద్దిగా తెరవమన్నాను. పైబెడ్ పరుపు కింద గాలి ఆడే మెష్ పొర వేయించాను, పరుపు అడుగు ఎప్పుడూ చల్లగా ఉండి బూజు పట్టే చోటు అదే. ఒక తేమ మీటర్ కొనిపించి, 60 దాటితే కాసేపు కిటికీ తెరిచి మళ్లీ మూయమని చెప్పాను. వేడిగాలి పోతుందని ఆయన గొణిగారు. గాలి వేడెక్కడానికి పట్టేది కొద్ది నిమిషాలే, తడిసిన ప్లైవుడ్ ఆరడానికి వారాలు పడుతుంది.

బాత్రూం నేల ఇంకా చల్లగానే ఉంది. అక్కడ గాలి చొరబాటు లేదు, నేల కిందే ఇన్సులేషన్ పలుచన. దాన్ని సరిచేయాలంటే మురికినీళ్ల ట్యాంకు దించాలి. ఆ పని ట్యాంకు ఎలాగూ దించాల్సిన రోజుకు వాయిదా వేశాం, అప్పటిదాకా రబ్బరు మ్యాట్. క్యాబ్ అతుకు సీలెంట్‌ను వచ్చే చలికాలం మొదట్లో ప్యానెల్ విప్పి చూడాలని బండి పుస్తకంలో రాసిపెట్టాను, ఫ్రిజ్ పైఅంచు పట్టీని కూడా.